ట్రేడ్ మెషీన్ సమీక్ష: పచ్చ గుర్తు పడినంత మాత్రాన బేరం తెగినట్టు కాదు

విజయనగరం క్రికెట్ ఊరు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్‌గా ఉన్న విజ్జీ ఊరాయె. అలాంటిచోట మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతూ ఎవరైనా "సెకండ్ ఏప్రన్ దాటేశారు గురూ, ఇంకేటి చేస్తారు?" అంటే పక్కవాళ్లు తలతిప్పి చూస్తారు. కానీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పిచ్చి పట్టినవాళ్లు ఇక్కడా ఉన్నారు. సిరిమాను తిరిగి పదిహేను రోజులు కాకముందే వాళ్లకి సీజన్ సందడి మొదలవుతుంది. వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఒకడు ఫోన్ తిప్పి చూపిస్తాడు: "ఇదిగో బావా, మెషీన్ ఒప్పుకుంది చూడు." ఆ మెషీన్ మాట ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడానికే ఈ సమీక్ష.

ట్రేడ్ మెషీన్ అంటే జట్లు ఆటగాళ్లని మార్చుకునే బేరం (ట్రేడ్) లీగ్ నియమాలకి సరిపోతుందో లేదో చెప్పే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే లెక్కల పనిముట్టు. ఈఎస్‌పీఎన్ వాళ్లది ఎక్కువమందికి తెలుసు. డ్రాఫ్ట్ పిక్‌లు (ఏటా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు) కూడా కలిపి బేరం ఆడాలంటే ఫ్యాన్‌స్పో వైపు వెళ్తారు. జీతాల పట్టికలకి స్పోట్రాక్, ఏ జట్టు పిక్ ఎవరి దగ్గర ఏ షరతుతో ఉందో చూడటానికి రియల్‌జీఎం. ఈ నాలుగూ ఒకే పని చేసేవి కావు. ఒకదాన్ని పట్టుకుని మిగతావి వదిలేస్తే వాదనలో ఓడిపోవడం ఖాయం.

వాడకం తేలికే. జట్లు ఎంచుకుంటారు, ఆటగాడి పేరు నొక్కి ఏ జట్టుకి పంపాలో చెబుతారు, చివర్లో సరిచూసే బటన్ నొక్కితే బేరం చెల్లుతుందో లేదో వస్తుంది. రెండు జట్ల బేరానికి ఫోన్ చాలు. నాలుగో జట్టు చేరిందంటే ఎవడు ఎటు పోయాడో తెర మీద దొరకదు, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టి ఫోన్ అడ్డంగా తిప్పాల్సిందే. 2025 జులైలో కెవిన్ డ్యూరంట్‌ని హ్యూస్టన్‌కి చేర్చిన బేరంలో ఏడు జట్లున్నాయి. అలాంటిది ఫోన్‌లో కట్టబోతే కళ్లు పోతాయి. కాగితం, పెన్ను మేలు.

మొదటి పొరపాటు అంకెల దగ్గరే. పట్టికలన్నీ మిలియన్లలో ఉంటాయి. మిలియన్ అంటే పది లక్షలు, పది మిలియన్లంటే కోటి. 154.647 అని కనిపిస్తే చుక్క ఒక స్థానం ఎడమకి జరిపి 15.46 కోట్ల డాలర్లు అనుకోవాలి. 2025-26 సీజన్‌కి శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు మొత్తం జీతాలకి పెట్టిన గీత, అదే. దానిపైన ఇంకో మూడు గీతలు. లగ్జరీ టాక్స్ గీత 18.79 కోట్లు, ఫస్ట్ ఏప్రన్ 19.59, సెకండ్ ఏప్రన్ 20.78. ఈ నాలుగు అంకెలు కంఠతా ఉంటే మెషీన్ ఎందుకు ఒప్పుకుందో, ఎందుకు కాదందో సగం అర్థమైపోతుంది. క్యాప్ దాదాపు ఏటా పెరుగుతుంది, లీగ్, ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న 2023 ఒప్పందం ప్రకారం ఒక ఏడాదిలో పెరుగుదల 10 శాతం దాటకూడదు. పాత సీజన్ అంకెలతో కొత్త బేరం కట్టేవాళ్లు అందుకే తప్పులో పడతారు.

ఐపీఎల్ చూసి వచ్చినవాళ్లకి ఇక్కడే తికమక. 2025 ఐపీఎల్ వేలంలో జట్టుకి 120 కోట్ల రూపాయల పర్సు. అది అయిపోయాక చెయ్యెత్తడానికి లేదు. ఎన్‌బీఏ క్యాప్ అలాంటి గోడ కాదు. సొంత ఆటగాణ్ని అట్టేపెట్టుకోవడానికి క్యాప్ దాటొచ్చు. దానికే బర్డ్ హక్కులని పేరు, బోస్టన్ ఆటగాడు లారీ బర్డ్ పేరు మీద వచ్చింది. మూడు సీజన్లు ఫ్రీ ఏజెంట్‌గా (ఒప్పందం అయిపోయి ఎటైనా వెళ్లగలిగినవాడిగా) జట్టు మారకుండా ఉన్నవాడికి ఆ హక్కు పూర్తిగా వర్తిస్తుంది. మధ్యలో ట్రేడ్ అయినా హక్కు కొత్త జట్టుతో పాటు వెళ్తుంది. లగ్జరీ టాక్స్ గీత దాటితే డబ్బు పోతుంది. ఏప్రన్‌లు దాటితే డబ్బుతో పాటు వెసులుబాట్లూ ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. 2023 తర్వాత వాదనలన్నీ క్యాప్‌ని వదిలి ఏప్రన్ చుట్టూ తిరగడానికి కారణం అదే.

మెషీన్ బాగా చేసే పని జీతాల సరితూగుడు. ఫస్ట్ ఏప్రన్ కింద ఉన్న జట్టు పంపే జీతానికి బదులు ఎంత తెచ్చుకోవచ్చో చూడటానికి మూడు లెక్కలు వేయాలి. ఒకటి, పంపిన దానికి రెండింతలు, దాని మీద 2.5 లక్షల డాలర్లు. రెండు, పంపినదానికి ఒక స్థిరమైన మొత్తం కలిపి, ఆ మొత్తం 2025-26లో సుమారు 85 లక్షల డాలర్లు. ఈ రెండింట్లో చిన్నది పక్కన పెట్టుకోవాలి. మూడోది, పంపినదానికి 125 శాతం, పైన 2.5 లక్షలు. పక్కన పెట్టుకున్నదానితో పోల్చి ఏది పెద్దదైతే అదే పరిమితి. 50 లక్షల ఆటగాణ్ని పంపితే 1.02 కోట్ల వరకు తెచ్చుకోవచ్చు. 2 కోట్లవాణ్ని పంపితే 2.85 కోట్లు. 4 కోట్లవాణ్ని పంపితే 5.02 కోట్లు. చిన్న జీతాలకి వెసులుబాటు ఎక్కువ, పెద్దవాటికి తక్కువ అన్నమాట. క్యాప్‌లో ఖాళీ ఉన్న జట్టుకి ఈ తూకం అవసరమే లేదు, ఖాళీలో పట్టినంత తెచ్చుకోవచ్చు.

ఇంతవరకు మెషీన్‌ని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. చిక్కు ఈ తర్వాతే. పంపినదానికంటే ఒక్క డాలరు ఎక్కువ తెచ్చుకున్నా ఆ సీజన్ అయ్యేవరకు ఆ జట్టుకి ఫస్ట్ ఏప్రన్ దగ్గర హార్డ్ క్యాప్ పడిపోతుంది. ఆ తర్వాత ఏ కారణంతోనూ ఆ గీత దాటడానికి లేదు. మొత్తం జీతాలు 19.3 కోట్లున్న జట్టు 2 కోట్లవాణ్ని ఇచ్చి 2.5 కోట్లవాణ్ని తెచ్చుకుంటే 19.8 అవుతుంది. ట్రేడ్ ముందు గీత కింద ఉన్నారు, నిజమే. కానీ చూడాల్సింది ట్రేడ్ తర్వాతి లెక్క. కాబట్టి ఆ బేరం చెల్లదు. ఈ ముక్క పట్టుకోలేని మెషీన్ హాయిగా పచ్చ గుర్తు చూపిస్తుంది. పక్కన జట్టు మొత్తం జీతం, ఏప్రన్‌కి ఎంత దూరమో చూపించే మెషీన్ అయితేనే వాడండి. లేకపోతే స్పోట్రాక్ పట్టిక ఇంకో ట్యాబ్‌లో తెరిచి పెట్టుకోవాలి.

ఫస్ట్ ఏప్రన్ పైన ఉంటే పంపిన జీతానికి మించి తెచ్చుకోవడానికి లేదు. సైన్ అండ్ ట్రేడ్ (పాత జట్టుతో సంతకం పెట్టించి వెంటనే పంపడం) ద్వారా ఆటగాణ్ని తెచ్చుకోవడమూ కుదరదు. సెకండ్ ఏప్రన్ పైన ఉంటే ఇద్దరి జీతాలు కలిపి ఒకడి కోసం పెట్టడానికి కూడా లేదు, ట్రేడ్‌లో నగదు పంపడానికి లేదు. 2024-25లో ఫీనిక్స్ పడ్డ పాట్లే దీనికి పాఠం. యూసుఫ్ నర్కిచ్‌కి 1.81 కోట్లు, గ్రేసన్ అలెన్‌కి 1.56 కోట్లు. ఇద్దరినీ కలిపి మూడు కోట్లపై చిలుకు ఆటగాణ్ని తెచ్చుకుందాం అంటే సెకండ్ ఏప్రన్ ఒప్పుకోదు. ఒక్కొక్కరిని విడివిడిగా అమ్ముకోవాలి, ఒక్కో బేరంలో ఒక్కో జీతమే తూకం.

కొత్త మెషీన్ ఏది దొరికినా మొదట పెట్టాల్సిన పరీక్ష ఇదే. సెకండ్ ఏప్రన్ పైన ఉన్న జట్టు నుంచి ఇద్దర్ని ఇచ్చి ఒకణ్ని తీసుకోండి, ఆ ఒక్కడి జీతం ఆ ఇద్దర్లో ఏ ఒక్కరికన్నా ఎక్కువ ఉండాలి. మెషీన్ ఒప్పుకుందంటే అది 2023 నాటి ఒప్పందం చదవలేదన్నమాట, మూసేయండి.

రెండో పరీక్షకి ఎన్‌బీఏ చరిత్రలోనే పెద్ద షాకు సరిపోతుంది. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం పొద్దున మన దగ్గర టిఫిన్ వేళకి లూకా డాంచిచ్ డల్లాస్ నుంచి లేకర్స్‌కి వెళ్లాడన్న కబురు వచ్చింది. చాలామంది ఎవరో దొంగ ఖాతా పెట్టారనుకున్నారు. లేకర్స్ అప్పటికే ఫస్ట్ ఏప్రన్ పైన ఉంది, అంటే పంపినదానికి మించి తెచ్చుకోకూడదు. పంపింది ఆంథనీ డేవిస్ 4.32 కోట్లు, మ్యాక్స్ క్రిస్టీ 71 లక్షలు, జేలెన్ హుడ్-షిఫీనో 39 లక్షలు. మొత్తం 5.42 కోట్లు. వచ్చింది లూకా 4.30 కోట్లు, మ్యాక్సీ క్లెబర్ 1.10 కోట్లు, మార్కీఫ్ మోరిస్ 21 లక్షలు. కూడితే 5.61. ఎక్కువైపోయింది కదా? కాలేదు. మోరిస్‌ది కనీస వేతన ఒప్పందం. అలాంటి ఆటగాణ్ని మినిమమ్ ఎక్సెప్షన్ కింద తెచ్చుకుంటే తూకంలో లెక్కపెట్టరు. అతణ్ని తీసేస్తే 5.40, పంపిన 5.42 లోపే. ఎంత బిగించి కట్టారో చూడండి! దానికి తోడు డేవిస్ తనకి రావాల్సిన ట్రేడ్ బోనస్ వదులుకున్నాడు. ఈ బేరాన్ని ఆ సీజన్ లెక్కలతో కాగితం మీద ఒకసారి వేసి చూస్తే మినిమమ్ నియమం జన్మలో మర్చిపోరు. కనీస వేతనం ఆటగాణ్ని కూడా తూకంలో వేసి ఎర్ర గుర్తు చూపించే మెషీన్‌ది అతిజాగ్రత్త. అది ఒప్పుకోలేదని బేరం కుదరదనుకోకూడదు.

ట్రేడ్ బోనస్ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. కొందరి ఒప్పందాల్లో ట్రేడ్ అయితే మిగిలిన జీతం మీద 15 శాతం వరకు అదనం వస్తుంది. అది తెచ్చుకునే జట్టు లెక్కలో కలుస్తుంది. మెషీన్ మామూలు జీతమే చూపిస్తుంటే తూకం కొన్ని లక్షల్లో తప్పుతుంది. రూకీ ఎక్స్‌టెన్షన్ (మొదటి ఒప్పందానికి పొడిగింపు) కుదిరి ఇంకా మొదలుకాని కుర్రాడి విషయం ఇంకా మెలిక. ఈ ఏడాది జీతం 1 కోటి, వచ్చే నాలుగేళ్లకి 14 కోట్లు అనుకుందాం. పంపే జట్టుకి అతని జీతం 1 కోటిగానే లెక్క. తెచ్చుకునే జట్టుకి మాత్రం అయిదేళ్ల సగటు, అంటే 3 కోట్లు. దీన్నే పాయిజన్ పిల్ అంటారు. విషపు గుళిక అని పేరు పెట్టినవాడెవడో గాని సరిగ్గానే పెట్టాడు. ఎక్స్‌టెన్షన్ రాసుకున్న కుర్రాళ్లు అది మొదలయ్యేదాకా ఎందుకు అరుదుగా ట్రేడ్ అవుతారో దీనితో తెలుస్తుంది.

ఇక పిక్‌లు. మూడు లాంతర్ల దగ్గర గొంతులు లేచేది ఇక్కడే, మెషీన్లు చేతులెత్తేసేదీ ఇక్కడే. "నాలుగు ఫస్టులు (మొదటి రౌండు పిక్‌లు) పడేయ్, వచ్చేస్తాడు" అనడం సులువు. కానీ ఏ నాలుగు? ఏడేళ్ల లోపు పిక్‌లే ఇవ్వొచ్చు. వరసగా రెండు భవిష్యత్ డ్రాఫ్టుల్లో మొదటి రౌండు పిక్ లేకుండా జట్టు మిగలకూడదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్‌లన్నీ ఇష్టారాజ్యంగా ఇచ్చేసిన పుణ్యాన వచ్చిన నియమం ఇది. స్టెపియన్ రూల్ అంటారు. సొంత పిక్కే కానక్కర్లేదు, వేరే జట్టుది చేతిలో ఉన్నా సరిపోతుంది.

2025 ఫిబ్రవరిలో లేకర్స్ పరిస్థితే తీసుకోండి. 2025 పిక్ ఎప్పుడో పోయింది. 2027 పిక్ యూటాకి బాకీ, మొదటి నాలుగులో పడితే తప్ప. కాబట్టి 2026 పక్కలు రెండూ ఖాళీ, అది కదపడానికి లేదు. 2028 పక్కన 2027 లేదు, అదీ కదపలేరు. మిగిలింది 2029, 2031, లేదా ఆ రెండూ వదిలేసి 2030 ఒక్కటి. పేరుకి పిక్‌లు చాలా ఉన్నా ఇవ్వగలిగినవి రెండే. లూకా కోసం 2029 ఇచ్చారు. అందుకే ఎవరైనా "లేకర్స్ నాలుగు పిక్‌లు ఇవ్వొచ్చు కదా" అని ఆ రోజుల్లో అన్నారంటే రియల్‌జీఎం పేజీ చూడలేదన్నమాట.

ఇవ్వలేని ఏడాదికి మందు పిక్ స్వాప్. మార్చుకునే హక్కు ఇస్తే జట్టు చేతిలో ఏదో ఒక పిక్ మిగులుతుంది కాబట్టి స్టెపియన్ అడ్డు రాదు. 2025 జూన్‌లో డెస్మండ్ బేన్ కోసం ఒర్లాండో నాలుగు ఫస్టులతో పాటు ఒక స్వాప్ కూడా ఇచ్చింది. స్వాప్ అంటే చిల్లర అనుకునేవాళ్లున్నారు. ఇచ్చిన జట్టు ఆ ఏడాది కుప్పకూలితే అదే అసలు సరుకు.

షరతులున్న పిక్ దగ్గర మెషీన్లు ఎక్కువగా తడబడతాయి. ఏదైనా జట్టు 2027 పిక్ మొదటి నాలుగులో పడితే 2028కి జరుగుతుంది అని రాసుంటే, ఎప్పుడు చేతులు మారుతుందో తెలియదు. అలాంటప్పుడు 2028తో పాటు 2029 కూడా బిగుసుకుపోతుంది. తర్వాతి పిక్ ఇవ్వాలంటే "ముందుది చేరిన రెండేళ్లకి" అని రాసుకుంటారు. ఈ వాక్యాన్ని గడిలో పెట్టే వీలు ఏ మెషీన్‌లోనూ సరిగా కుదరదు. రియల్‌జీఎం పేజీలో జట్టు వారీగా షరతులు మాటల్లో ఉంటాయి. విసుగు పుట్టేంత పొడుగ్గా ఉన్నా ఆ పేరా చివరిదాకా చదవాలి, అసలు మెలిక ఆఖరి వాక్యంలోనే ఉంటుంది.

ఇంకో తాళం కూడా ఉంది. సీజన్ ముగిసేసరికి సెకండ్ ఏప్రన్ పైన ఉన్న జట్టుకి ఏడేళ్ల అవతలి మొదటి రౌండు పిక్ గడ్డకట్టిపోతుంది, అమ్ముకోలేరు. తర్వాతి నాలుగు సీజన్లలో రెండుసార్లు మళ్లీ పైనే ఉంటే ఆ పిక్ మొదటి రౌండు చివరికి పోతుంది. ఫీనిక్స్ 2025 జనవరిలో తన 2031 పిక్‌ని యూటాకిచ్చి మూడు చిన్న ఫస్టులు తెచ్చుకున్నది పెద్ద నోటు ఇచ్చి చిల్లర తెచ్చుకోవడం లాంటిది. ఒక్క పిక్‌తో ఒక్క బేరమే కుదురుతుంది, మూడుంటే మూడు చోట్ల పెట్టొచ్చు. 2025 వేసవిలో బోస్టన్ జ్రూ హాలిడేని పోర్ట్‌లాండ్‌కి, పోర్జింగిస్‌ని అట్లాంటాకి పంపిందీ ఈ రెండో గీత కిందకి దిగడానికే. ఆట పరంగా చూస్తే పిచ్చిపని అనిపించే బేరాలకి పట్టిక చూస్తే అర్థం దొరుకుతుంది.

డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌లు ఎవరివో తేల్చే లాటరీ తిప్పే బటన్ కొన్నిటిలో ఉంటుంది. పొద్దుపోడానికి బాగుంది. 2019లో వచ్చిన పద్ధతి ప్రకారం అట్టడుగు మూడు జట్లకీ మొదటి పిక్ దక్కే అవకాశం తలా 14 శాతం. 14 బంతుల్లోంచి నాలుగు తీస్తే 1,001 కలయికలు, ఒకటి వదిలేసి వెయ్యి పంచుతారు. మొదటి నాలుగు స్థానాలే లాటరీలో తేలతాయి కాబట్టి అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టు అయిదో స్థానం కన్నా కిందకి పోదు. 2025లో 1.8 శాతం ఉన్న డల్లాస్‌కి మొదటి పిక్ తగిలి కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. లూకాని పంపిన మూడు నెలలకే! బటన్ పదిసార్లు నొక్కి ఇది రాలేదు కాబట్టి మోసం జరిగిందనే వాదన చేయకండి. 1.8 శాతం అంటే సగటున 55 సార్లకి ఒకటి, పదిసార్లలో కనిపించకపోవడం మామూలే.

మనుషుల సంగతి మెషీన్‌కి తెలియదు. 2024-25లో జిమ్మీ బట్లర్ జీతం 4.88 కోట్లు, బ్రాడ్లీ బీల్‌ది 5.02 కోట్లు. సెకండ్ ఏప్రన్ పైన ఉన్న ఫీనిక్స్‌కి కూడా ఒకడికొకడు, వచ్చేది తక్కువ, లెక్క చక్కగా కుదురుతుంది. ఆ చలికాలమంతా అభిమానులు ఈ బేరం కడుతూనే ఉన్నారు. కానీ బీల్ ఒప్పందంలో అప్పుడు నో ట్రేడ్ క్లాజ్ ఉండేది. అతను ఊఁ అనకపోతే ఎవరూ కదపలేరు. బట్లర్ చివరికి గోల్డెన్ స్టేట్ వెళ్లాడు. వైద్య పరీక్ష మాటా అంతే. లూకా వచ్చిన కొద్దిరోజులకే లేకర్స్ మార్క్ విలియమ్స్ కోసం డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్, 2031 పిక్, 2030 స్వాప్ ఇచ్చి బేరం కుదుర్చుకుంది. పరీక్షలో సంతృప్తి కలగక మొత్తం రద్దు చేసింది. ఇచ్చినవన్నీ వెనక్కి వచ్చాయి.

తేదీలు కూడా చూసుకోవాలి. వేసవిలో సంతకం పెట్టిన ఫ్రీ ఏజెంట్‌ని మామూలుగా డిసెంబర్ 15 దాకా, లేదా మూడు నెలల దాకా, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ట్రేడ్ చేయకూడదు. డ్రాఫ్ట్ అయిన కుర్రాడు సంతకం పెట్టాక 30 రోజులు ఆగాలి. సంతకం పెట్టకముందైతే తూకంలో అతని జీతం సున్నా. ట్రేడ్‌లో వచ్చినవాణ్ని ఇంకొకరితో కలిపి మళ్లీ పంపాలంటే రెండు నెలలు ఆగాలి, క్యాప్ ఖాళీలోకి వచ్చినవాడికి మాత్రం ఇది లేదు. ఈ తేదీలు పేరు పక్కన చూపించే మెషీన్‌కి ఒక మార్కు ఎక్కువ వేయొచ్చు.

మొత్తానికి మార్కులు: జీతాల తూకానికి అయిదుకి నాలుగున్నర, ఏప్రన్‌లకి మూడు, పిక్‌లకి రెండు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి బడి లేదు, అదీ పైసా ఖర్చు లేకుండా. ఎర్ర గుర్తు పడినప్పుడు కారణం చదవకుండా ఇంకో ఆటగాణ్ని కలిపి మళ్లీ నొక్కే అలవాటు ఒక్కటి మానుకుంటే చాలు.

ట్రేడ్‌లకి ఆఖరి రోజైన డెడ్‌లైన్ నాడు వాడేవాళ్లకి ఒక మాట. అమెరికా తూర్పు తీరంలో ఫిబ్రవరి మధ్యాహ్నం 3 గంటలంటే మనకి అర్ధరాత్రి దాటాక 1:30. ఆ వేళకి మెషీన్‌లో జట్ల జాబితాలు వెనకబడి ఉంటాయి, గంట కిందట అమ్ముడుపోయినవాడు పాత జట్టులోనే కనిపిస్తాడు. అలాంటివాడితో కట్టిన బేరం ఎంత పచ్చగా కనిపించినా పనికిరాదు. జూన్ 30 సాయంత్రం 6కి ఫ్రీ ఏజెన్సీ తెరుచుకుంటే మనకి జులై 1 వేకువ 3:30, మొదటి కబుర్లు పాలప్యాకెట్ల కన్నా ముందే వస్తాయి. కానీ జులై 6 మధ్యాహ్నం దాకా, అంటే మన రాత్రి 9:30 దాకా చాలావరకు సంతకాలు ఉండవు. ఆ అయిదారు రోజులూ మెషీన్ చూపించే మొత్తాలు పాతవే. కుదిరిన ఒప్పందాలు ఒక కాగితం మీద రాసుకుని జట్టు జీతానికి చేత్తో కలుపుకుంటూ పోవాలి.